ఫ్యాన్ రెక్క, పిట్ట రెక్క

"కరెంటొచ్చింది!" అని అమ్మ వంటింట్లోంచి సంతోషంగా కేకేసింది. ఆ కేక పూర్తికాకముందే హాల్లో టప్‌మని ఒక చప్పుడు వినిపించింది. తడిగుడ్డను గోడకేసి కొట్టినట్టుంది ఆ చప్పుడు. నేను హాల్లోనే సోఫా మీద ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని ఆఫీసు పని చేసుకుంటున్నాను. తలెత్తేసరికి గాల్లో చిన్న చిన్న పసుపుపచ్చ ఈకలు తేలుతూ దిగుతున్నాయి. ఫ్యాను తిరుగుతోంది. దాని కింద నాన్న కుడిచెయ్యి పైకెత్తి, దించడం మరిచిపోయి నిలబడి ఉన్నాడు.

ఏం జరిగిందో నాకు వెంటనే అర్థం కాలేదు. ఈకలు కనిపిస్తున్నాయి, ఫ్యాను కనిపిస్తోంది, రెండూ కలిపి ఆలోచించడం మాత్రం చేతకావడం లేదు.

"వాడేడి?" అని అడిగాడు నాన్న. నన్ను కాదు. పైకి చూస్తూ, ఫ్యాన్‌ని అడిగాడు.

వాడంటే మా పిట్ట. బజారులో అందరూ లవ్‌బర్డ్ అంటారు గానీ అసలు పేరు బడ్జీ. ఒళ్లంతా పసుపు, కళ్లు ఎర్రటి పూసలు. నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. జీవితమంతా సుత్తుల మోతలో గడిపిన మనిషికి మధ్యాహ్నాలు ఇంట్లో మాటా పలుకూ లేకుండా గడపడం కష్టమైపోయింది. అమ్మ టీవీ చూస్తుంది, నేను మీటింగుల్లో ఉంటాను. ఒకరోజు ఎక్కడో పిట్టలమ్మే ఆయన దగ్గర ఆగి దీన్ని పట్టుకొచ్చాడు. "మగది సార్, మాటలు మంచిగొస్తయ్" అన్నాడట ఆయన. ఆ మాట నమ్మి నాన్న రోజూ పొద్దున పంజరం ముందు స్టూలేసుకుని "ఛాయ్ తాగినవా కొడుకా? ఛాయ్ తాగినవా?" అని పాఠం చెప్పేవాడు. అది ఏనాడూ తిరిగి పలకలేదు. మెడ ఒక పక్కకు వాల్చి శ్రద్ధగా వినేది, అంతే. నాన్నకు నేనొక్కదాన్నే సంతానం. నన్ను బిడ్డా అంటాడు, దాన్ని కొడుకా అనేవాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక దాన్ని కాసేపు హాల్లోకి వదిలేవాళ్లం. దానికో పద్ధతి ఉండేది. ముందు కిటికీలు మూయాలి, ఫ్యాను స్విచ్ ఆపాలి, రెక్కలు పూర్తిగా నిలిచాక పంజరం తలుపు తీయాలి. ఆ రోజు కరెంటు పోయింది. మే నెల ఎండ. ఫ్యాను ముందే ఆగి ఉంది కాబట్టి దాన్ని ఆపాలన్న ఆలోచన ముగ్గురిలో ఎవరికీ రాలేదు. స్విచ్ వేసే ఉంది. నాన్న పంజరం తలుపు తీశాడు. ఎప్పుడూ కర్టెన్ కమ్మీ మీద వాలే పిట్ట ఆ రోజు ఎందుకో ఫ్యాన్ రెక్క మీద వాలింది. "కిందికి రా కొడుకా" అంటూ నాన్న వేలు చాచి పిలుస్తున్నాడు. అప్పుడే కరెంటొచ్చింది. కాళ్ల కింద రెక్క కదలగానే అది బెదిరి ఎగిరింది. వెనక నుంచి వచ్చిన రెండో రెక్క కొట్టింది.

అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి మా ముఖాలు చూసింది, తర్వాత ఈకలు చూసింది. గబగబా స్విచ్ ఆపి, నేల మీద మోకాళ్లేసి వెతకడం మొదలుపెట్టింది. టీవీ స్టాండు వెనక దొరికింది. ఎడమ రెక్క తలుపు గడియ ఊడినట్టు వేలాడుతోంది. ఈకల మొదట్లోంచి రక్తం బొట్లు బొట్లుగా కారుతోంది. కళ్లు తెరిచే ఉన్నాయి. నోరు తెరిచి ఊపిరి తీస్తోంది. అరవడం లేదు, కొరకడం లేదు. గోరుకైనా దొరకని ఆ ముక్కుతో మా అందరి వేళ్లూ కొరికిన పిట్ట, అమ్మ అరచేతిలో గుడ్డపీలికలా పడి ఉంది.

"ఏం జెయ్యాల్నో ఫోన్ల సూడవే! గట్ల నిలవడ్తవేంది?" అని అమ్మ అరిచేదాకా నా చేతిలో ఫోన్ ఉందని నాకు గుర్తు లేదు. అక్షరాలు తప్పు పడుతున్నాయి. చివరికి ఎక్కడో రక్తం ఆగడానికి కార్న్‌ఫ్లోర్ అద్ది మెల్లగా ఒత్తి పట్టుకోమని కనిపించింది.

"కార్న్‌ఫ్లోర్ లేదు, శనగపిండి నడుస్తదా?"

"తెల్వదమ్మా."

"మైదా?"

"మైదా సుత రాసిండ్రు. తీస్కరా."

తెల్లటి పిండి ఎర్రగా ముద్దకట్టింది. అమ్మ చూపుడువేలితో ఒత్తి పట్టుకుంటే నేను మెత్తటి తువ్వాలుతో ఒళ్లంతా చుట్టాను. ఎంత తేలికగా ఉందో అప్పుడు తెలిసింది. చేతిలో పిట్ట ఉందా, ఒట్టి తువ్వాలే ఉందా అని మళ్లీ మళ్లీ చూసుకోవాల్సి వచ్చింది. కొంతసేపటికి రక్తం ఆగింది. నాన్న అప్పటికీ ఫ్యాన్ కిందే ఉన్నాడు. చెయ్యి మాత్రం దించాడు.

వర్క్‌షాప్‌లో ఒకసారి తోటి ఫిట్టర్ చెయ్యి యంత్రంలో పడితే నాన్నే అతన్ని భుజాన వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తాడని అమ్మ చాలాసార్లు చెప్పింది. చొక్కా అంతా రక్తంతో ఇంటికొచ్చి, స్నానం చేసి, అన్నం తిని పడుకున్నాడట. అలాంటి మనిషి ఒక పిట్టకు తగిలిన దెబ్బకు కొయ్యబారిపోవడం చూసి, పిట్టను చూసిన దానికంటే ఎక్కువ భయం వేసింది నాకు.

దగ్గరలోని పశువుల క్లినిక్‌కు ఫోన్ చేస్తే కుక్కల్నీ పిల్లుల్నీ తప్ప పిట్టల్ని చూడలేమన్నారు. ఇంకొకరూ అదే మాట అన్నారు. మూడోచోట అల్వాల్ వైపు ఒక డాక్టరమ్మ పక్షుల్ని చూస్తారని చెప్పారు. అమ్మ తన కొత్త చెప్పుల అట్టపెట్టెకు కత్తెరతో చిల్లులు పొడిచి, లోపల పాత నూలుచీర మడతపెట్టి పరిచింది. నేనూ నాన్నా ఆటో ఎక్కాం. పెట్టె నాన్న ఒళ్లో ఉంది. ప్రతి స్పీడ్ బ్రేకర్‌కీ రెండు చేతులతో పెట్టెను గాల్లోకి లేపి పట్టుకుంటున్నాడు. "జెర మెల్లగ పోనియ్యి భాయ్" అని ఆటో ఆయన్ని బతిమాలాడు.

డాక్టరమ్మ చిన్నమ్మాయే, మాట చూస్తే గుంటూరు వైపుది. తువ్వాలు విప్పి రెక్కను రెండు వేళ్లతో మెల్లగా చాపింది. అప్పుడు మాత్రం పిట్ట ఒక్కసారి కీచుమంది. నాన్న గోడ వైపు తిరిగాడు.

"ఎముక విరిగిందండి. చిన్న ప్రాణం, అదురు కూడా ఎక్కువ తగిలింది. ఈ రెండు మూడు రోజులు గడిస్తే బతుకుతుంది. ఎగురుతుందని మాత్రం చెప్పలేను."

రెక్కను మడిచి, ఒంటికి ఆనించి, పల్చటి పట్టీ చుట్టింది. "ఛాతీ మీద బిగించొద్దు. వీటికి ఛాతీ కదిలితేనే ఊపిరి ఆడుతుంది" అని చూపించింది. నొప్పికి చుక్కల మందు రాసిచ్చింది. చీకటిగా, వెచ్చగా, చప్పుడు లేని చోట పెట్టమంది. పిట్ట ఆడదా మగదా అని ఆమె అడగలేదు. మేం వచ్చిన దగ్గర్నుంచీ 'వాడు, వాడు' అంటుంటే ఇంక అడిగేదేముంది?

మర్నాడు నేను ఆఫీసుకు వెళ్లక తప్పలేదు. సాయంత్రం తిరిగొచ్చి హాల్లో అడుగు పెట్టగానే నిలబడిపోయాను. పైన ఫ్యాను ఉంది, రెక్కలు లేవు. మోటారు ఒక్కటే బోడిగుండులా వేలాడుతోంది. విప్పిన మూడు రెక్కలు పాతపేపరు మీద వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. ఒకదాని అంచున ఎండిన మరక. నాన్న కింద కూర్చుని తడిగుడ్డతో దాన్ని తుడుస్తున్నాడు.

"పొద్దుగాల్నించి గదే పని" అంది అమ్మ చెమట తుడుచుకుంటూ. "ఎండకు సస్తమయ్యా అంటే ఇంటలేడు."

నేను నాన్న పక్కన కూర్చున్నాను. తుడుస్తూనే ఆయన అన్నాడు. "వర్క్‌షాప్‌ల గా ఫిట్టర్ చెయ్యి మిషన్ల వడ్డప్పుడు వాడు అరిసిండు బిడ్డా. అమ్మా అన్నడు, నా పేరు వెట్టి పిలిసిండు. ఏం జెయ్యాల్నో నాకు తెలిసింది. వీడు అరువనే లేదు. నా ముంగటనే గిట్ల అయిపాయె, ఒక్క సప్పుడు చెయ్యలే."

నేను రెండో గుడ్డ తెచ్చుకుని ఇంకో రెక్క తుడిచాను.

ఆ తర్వాత మా ఇల్లు ఆ చెప్పుల పెట్టె చుట్టూ తిరిగింది. పొద్దునా సాయంత్రమూ మందు పట్టాలి. నేను తువ్వాల్లో పట్టుకుంటే అమ్మ సూది తీసేసిన సిరంజితో ముక్కు పక్కనుంచి ఒక్కొక్క చుక్క వదిలేది. అది సగం మింగి సగం అమ్మ ముఖాన ఊసేది. పట్టీ కట్టిన పిట్టకు నిలకడ ఉండదని మాకు తెలియదు. లేవబోతే పక్కకు ఒరిగిపోయేది, ఒరిగినప్పుడల్లా మా ప్రాణం పోయేది. నాన్న కొర్రకంకి తెచ్చి పెట్టెలో ఆనించి పెట్టేవాడు. అది ఒక్కొక్క గింజ ఒలుచుకుని తినడం మొదలుపెట్టిన రోజు నాన్న కూడా కడుపునిండా అన్నం తిన్నాడు. పెట్టె మాత్రం ఎవర్నీ ముట్టనివ్వలేదు. మంచం కింద చీకట్లో పెట్టి, పైన దుప్పటి కప్పి, టీవీ గొంతు నొక్కేసి కాపలా కాశాడు.

ఇంక గండం గడిచిందనుకున్నాం. ఒకరోజు పొద్దున నాన్న కేక విని పరిగెత్తాను. పెట్టె మూలలో పిట్ట ఉబ్బి బంతిలా అయి ఉంది. కళ్లు సగం మూసుకుంది. ఊపిరి తీసినప్పుడల్లా తోక పైకీ కిందికీ కొట్టుకుంటోంది. కొర్రకంకి ముట్టలేదు.

"పోతున్నడే. వీడు పోతున్నడు" అన్నాడు నాన్న.

మళ్లీ ఆటో, మళ్లీ అల్వాల్. ఈసారి డాక్టరమ్మ రెక్కను చూడలేదు. పిట్టను వెల్లకిలా పట్టుకుని పొట్ట కింద వేలితో మెల్లగా తడిమింది. తడిమిన చోటే మళ్లీ తడిమింది. తలెత్తి మా వైపు చూసింది.

"ఇది మగదని మీకు ఎవరు చెప్పారండి?"

"అమ్మినాయనే చెప్పిండు" అన్నాడు నాన్న.

"లోపల గుడ్డుంది."

"ఎవరి లోపట?" అన్నాడు నాన్న.

నవ్వాల్సిన మాటే. కానీ ఆ గదిలో ఎవరికీ నవ్వు రాలేదు. గుడ్డు దారిలో ఇరుక్కుందని, బయటికి రాకపోతే ప్రాణానికే ముప్పని డాక్టరమ్మ చెప్పింది. పసుపు పిట్టల్లో ఆడామగా పోల్చడం అంత తేలిక కాదట. అయినా మొదటిరోజు తానే సరిగ్గా చూసి ఉండాల్సిందంది. మగతోడు లేకపోయినా కోడి పెట్టినట్టే ఇవీ గుడ్డు పెడతాయి. "మీరు దీన్ని ఎక్కడ ఉంచారండి?" అని అడిగింది. చెప్పాం. చెప్పుల పెట్టె, పాత చీర, మంచం కింద చీకటి. ఆమె నెమ్మదిగా తలూపింది. "గూడనుకుందండి. మంచి గూడు దొరికిందనుకుంది."

నాన్న చేతిలోని పెట్టెను బల్ల మీద పెట్టి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పెట్టెను అంత జాగ్రత్తగా కాపాడింది ఆయనే కదా.

కాల్షియం ఇంజక్షన్ ఇచ్చి, వెచ్చటి దీపం కింద చాలాసేపు ఉంచారు. ఈలోగా నేను అమ్మకు ఫోన్ చేశాను.

"గుడ్డేంది? మీకు ఎండకు గిట్ల తలకాయ తిరిగిందా?" అంది అమ్మ. డాక్టరమ్మ మాటలు మళ్లీ చెప్పాను. "అయ్యో, కడుపుతోటి ఉన్నదానికా మనం గట్ల మందు తాగిపిచ్చింది?" అని ఏడుపు గొంతుతో అంది.

గుడ్డు కిందికి జారిందని, ఇంటికి తీసుకెళ్లి వెచ్చగా ఉంచమని, సాయంత్రానికీ రాకపోతే వెంటనే తెమ్మని పంపించారు. ఆటో లోతుకుంట దగ్గర ట్రాఫిక్‌లో ఆగింది. బస్సు హారన్లు, పొగ. నాన్న ఒళ్లో పెట్టె ఉన్నట్టుండి గరగరమంది. లోపల ఏదో గీరుకుంది. ఆ తర్వాత ఏ అలికిడీ లేదు. నాన్న నా వైపు చూశాడు. మూత తీయడానికి ఆయన చేతులు రాలేదు. నేనే తీశాను.

పిట్ట కాళ్ల మీద నిలబడి ఉంది. నోరు తెరిచి రొప్పుతోంది. దాని వెనక చీర మడతలో చింతగింజ కన్నా కొంచెం పెద్దదిగా, సుద్దముక్కంత తెల్లగా గుడ్డు ఉంది. పెంకు మీద సన్నటి నెత్తుటి గీత.

"బిడ్డా" అన్నాడు నాన్న.

"ఆ, చూస్తున్న నాన్న" అన్నాను.

"నిన్ను గాదే." ఆయన పెట్టెలోకి వంగి చూస్తున్నాడు. "నువ్వు బిడ్డవా? గిన్ని రోజులు చెప్పకపోతివి?" నాన్న ఏడవగా నేను చూడటం అదే మొదలు. మా నాయనమ్మ పోయినప్పుడు కూడా ఆయన కంట తడి చూడలేదు.

ఆటో ఆయన కంగారుగా వెనక్కి తిరిగాడు. "ఏమైంది అంకుల్? సచ్చిపోయిందా?"

"గుడ్డు వెట్టింది భాయ్" అన్నాను.

ఆయన ఆటోను పక్కకు తీసి ఆపాడు. సీటు మీంచి ఒళ్లు మొత్తం తిప్పి పెట్టెలోకి తొంగిచూసి, "మాషా అల్లా" అన్నాడు. అక్కణ్నుంచి లాలాగూడ దాకా సైకిళ్లు కూడా మమ్మల్ని దాటిపోయాయి.

పెట్టె ఆ రోజే అవతల పడేశాం. పిట్టను వెలుతురులో, ఏమీ కప్పని పంజరంలో ఉంచమంది డాక్టరమ్మ. గుడ్డు మాత్రం వెంటనే తీయొద్దంది, తీస్తే ఇంకోటి పెట్టబోతుందట. పంజరం అడుగున మెత్తటి పీలిక వేసి గుడ్డు ఉంచితే అది వెళ్లి దాని మీద కూర్చుంది. ఒక రెక్క పట్టీలో ఉంది కదా, రెండో రెక్కనే వీలైనంత పరిచి కప్పుకునేది. ఒక పక్క గుడ్డు బయటికి కనిపిస్తూనే ఉండేది. అది జరిగి మళ్లీ కప్పేది, ఇంకో పక్క బయటపడేది. అమ్మ దాన్ని చూడలేక పంజరానికి వీపు పెట్టి కూరగాయలు తరుక్కునేది. కొన్నాళ్లకు దానికే ఆ గుడ్డంటే పట్టింపు పోయింది. అమ్మ తీసుకెళ్లి కరివేపాకు మొక్క మొదట్లో పూడ్చిపెట్టింది.

మా ఇంట్లో మాట కూడా మారిపోయింది. 'వాడు' పోయి 'అది' వచ్చింది. "అది తిన్నదా?" అని నాన్న అడిగితే, అడిగింది నా గురించో పిట్ట గురించో అమ్మకు తెలిసేది కాదు. ఇద్దరికీ కలిపి తిన్నయనే చెప్పేది.

పట్టీ విప్పిన రోజు ముగ్గురం హాల్లోనే ఉన్నాం. కిటికీలు మూశాం. పైన ఫ్యాన్ మోటారు బోడిగానే ఉంది, గోడకు జాలీ ఉన్న చిన్న ఫ్యాను కొత్తగా బిగించాం, అదీ ఆపేశాం. నాన్న వేలు మీద నిలబడి పిట్ట రెండు రెక్కలూ దులుపుకుంది. ఎడమది కొంచెం పొట్టిగా, కిందికి జారి ఉంది. తలెత్తి కర్టెన్ కమ్మీ వైపు చూసింది. దూకింది.

ఎగరలేదు. చేతిలోంచి తాళంచెవి జారినట్టు నేరుగా కిందపడింది. ముగ్గురం ఒక్కసారే అరిచాం. డాక్టరమ్మ మొదటిరోజే చెప్పింది, మేం విన్నాం, తలలూపాం. అయినా ముగ్గురిలో ఒక్కరం కూడా నమ్మలేదని అప్పుడు తెలిసింది. నాన్న వంగి తీయబోయాడు. అది ఆయన వేలు గట్టిగా కొరికింది. తనంతట తనే లేచి, ఒళ్లు విదిలించుకుని, కర్టెన్ దాకా నడుచుకుంటూ పోయింది. ముక్కుతో గుడ్డను పట్టుకుని, కాలేసి, మళ్లీ ముక్కేసి, మెల్లమెల్లగా పైకి పాకింది. సగం దూరం పోయాక ఆగి రొప్పింది. పైకి చేరాక అది ఒకసారి మమ్మల్ని చూసి, ఈకలు సర్దుకోవడంలో పడింది.

ఇప్పుడు అది నడిచే పిట్ట. వంటింట్లోకి, మంచం కిందికి, తలుపు సందులోకి, ఎక్కడికి పడితే అక్కడికి టకటకా నడుస్తుంది. అందుకని మా ఇంట్లో ఎవరం కాలెత్తి అడుగు వేయం. నేల మీద ఈడ్చుకుంటూ పోవాల్సిందే. మొన్న మా మేనత్త రెండు సంచులతో వచ్చింది. గడప దాటకముందే అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"వదినా, కాలెత్తకు. ఈడ్చుకుంట రా."

"ఏందే, నేల మీద ఏమన్న పోసిర్రా?"

"పిట్ట ఉన్నది."

"పిట్ట నేల మీదెందుకుంటదే?" అంటూనే ఆమె సంచులు రెండు చేతులా పట్టుకుని, మోకాళ్లు వంచకుండా, జారుతున్న దానిలా హాలు దాటింది. చూసినవాళ్లకు నవ్వొస్తుంది. నేను మాత్రం పసుపుపచ్చది ఏదైనా పాదాల దగ్గర కదిలితే ఇప్పటికీ ఉన్నచోటే ఆగిపోతాను. అది పూలమాలలోంచి రాలిన బంతిపువ్వు రేకైనా సరే, వంగి చేత్తో తాకి చూశాకే ఇంకో అడుగు వేస్తాను.